ముగ్గురు చదివిన కాగితం

దేముడు ఏ మాటైనా మూడు చోట్ల అడగనిదే నమ్మడు.

గోల్‌బజార్‌లో బంగాళాదుంపల ధర మూడు కొట్లలో అడుగుతాడు. దగ్గు మందు కొంటే, ఆ సీసా దగ్గుకేనా అని మరో రెండు మందుల షాపుల్లో చూపిస్తాడు. ఇరవై ఏడేళ్ళుగా రైల్వే వర్క్‌షాపులో పనిచేస్తున్నా, నెత్తిమీద బోర్డు వేలాడుతున్నా, పోర్టర్నీ టీ అమ్మేవాణ్ణీ గార్డునీ అడిగి గాని రైలెక్కడు.

అనుమానప్పక్షి అని భార్య దాలమ్మ ఎప్పుడో పేరు పెట్టేసింది.

అలాంటి మనిషి ముందు కూతురు చంద్రకళ ఎనిమిది వేల రూపాయల మాట ఎత్తింది.

అది 1993 జూలై. ఆ పిల్ల పన్నెండో తరగతి మంచి మార్కులతో పాసైంది. ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ సీటొచ్చింది. మూడేళ్ళ చదువు, నామమాత్రపు ఫీజు, లోకల్ బండిలో పోయి రావచ్చు. కానీ ఆమె మనసు గోల్‌బజార్‌లో బట్టల కొట్టు మేడమీద కొత్తగా తెరిచిన కంప్యూటర్ సెంటర్లో చిక్కుకుంది. చూడ్డానికి వెళ్ళిన రోజు మీటలు నొక్కితే, నల్లటి తెరమీద తన పేరు పచ్చగా వెలిగింది. అప్పట్నుంచి ఇంకో ధ్యాస లేదు.

"మూడేళ్ళు సదివి రేడియోలు బాగుసేసుకోవాలేటి నాన్నా? ఇదైతే ఏడాదికే ఉద్యోగం."

"ఎవుడు సెప్పినాడు?"

"ఆళ్ళే."

"కుళ్ళు సేపని అమ్మేవోడు ఎప్పుడైనా సెప్తాడేటి?"

అయినా తండ్రీకూతుళ్ళు వెళ్ళారు. మేనేజర్ హరనాథ్ చెప్పులు బయట విప్పించి, చల్లటి గదిలో కూర్చోబెట్టాడు. తెలుగులో అచ్చేసిన రంగుల కరపత్రం చేతికిచ్చాడు. దేముడు కళ్ళజోడు పెట్టుకుని పైనుంచి కిందదాకా చూశాడు. మడిచి వెనక్కిచ్చేశాడు.

"అచ్చులో అన్నీ బాగానే ఉంటాయి బాబూ. నోటితో సెప్పండి."

హరనాథ్ నవ్వాడు. ఇంగ్లీషు ఒప్పందం కాగితం తీసి పెన్నుతో ఒక చోట గీత పెట్టాడు. "ఇదిగో, ఇక్కడే ఉంది. కోర్సు పూర్తయిన ఆరు నెలల్లో ఉద్యోగం గ్యారంటీ. ఎల్లుండిలోగా ఎనిమిది వేలూ కట్టేయండి, సీట్లు అయిపోతున్నాయి."

పాలిటెక్నిక్‌లో చేరడానికీ ఎల్లుండే ఆఖరు.

"ఈ కాయితం ఇంటికి అట్టుకెల్తాను," అన్నాడు దేముడు.

మెట్లు దిగుతూ కూతురితో అన్నాడు: "ఆరు మిషన్లున్నాయి. నాలుగింటికి వయిర్లే నేవు. సూసినావా?"

చంద్రకళ చూడలేదు.

ఇంటికొచ్చాక అతను కాగితం మీద ఆ గీత దగ్గర వేలు పెట్టాడు. "ఇది నువ్వు సదువు."

చంద్రకళ చదివింది. ఉద్యోగం ఇప్పించడానికి ప్రయత్నిస్తాం అని మాత్రమే ఉంది. కట్టిన డబ్బు ఏ పరిస్థితిలోనూ తిరిగి ఇవ్వబడదు అని కింద సన్నటి అక్షరాల్లో ఉంది.

నాన్నకి ఇంగ్లీషు రాదు.

"గ్యారంటీ అనే ఉంది నాన్నా."

దేముడు తలూపాడు. ప్రావిడెంట్ ఫండ్ లోను కాగితాలు తెచ్చిపెట్టమని యూనియన్ ఆఫీసుకి కబురంపాడు. చంద్రకళ ఊపిరి పీల్చుకుంది.

సాయంత్రం అతను చొక్కా తొడుక్కుని, కాగితం పట్టుకుని బయల్దేరాడు. ఖరిదా పేటలో వాళ్ళ ఇంటికి రెండిళ్ళ అవతల రిటైరైన గార్డు జ్ఞానరత్నం గారుంటారు. చంద్రకళ గుమ్మంలోనే నిలబడిపోయింది. పావుగంటకి తిరిగొచ్చాడు.

"గార్డుబాబు మరోలా సదివినారు," అన్నాడు. "ఉద్యోగం సూస్తారట. ఇస్తారని నేదట. డబ్బులు మరి రావట."

దాలమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేచొచ్చింది. "ఇంట్లో పిల్లని కూడా పరీచ్చ సేస్తావేటి?"

చంద్రకళకి సిగ్గేసింది. ఆ సిగ్గే కోపమైంది. "కన్న కూతుర్ని కూడా నమ్మవా నాన్నా? నా మీద కూడా అనుమానమేనా? ఊర్లో అందరికీ సూపించాలా?"

దేముడు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు: "ఆడు అబద్దం సదివితే యాపారం అనుకుంటాను. నువ్వు సదివితే నాను ఎక్కడికెల్లనమ్మా?"

ఆ పిల్ల అన్నం తినలేదు. మర్నాడంతా తండ్రి ఎదుటపడలేదు. ఆఖరి రోజు పొద్దున్న తనే తయారై వచ్చి నిలబడింది.

"పాలిటెక్నిక్‌కే ఎల్దాం నాన్నా."

అక్కడ ఆఫీసు కిటికీ దగ్గర పెద్ద క్యూ. బెంగాలీ గుమాస్తా ఫారం అందించాడు. దేముడు కళ్ళజోడు పెట్టుకుని రెండువైపులా తిప్పి చూశాడు. కూతురికిచ్చాడు.

"సదువమ్మా."

ఈసారి చంద్రకళ ఒక్క ముక్క కూడా వదల్లేదు. ఫీజు, జరిమానా, మధ్యలో మానేస్తే ఏమవుతుందో కూడా, ఒక్కో వాక్యం తెలుగులో చెప్పింది. వెనకున్నవాళ్ళు విసుక్కున్నా ఆపలేదు. పక్కనే ఇంకో తెలుగాయన కొడుకుతో నిలబడి ఉన్నాడు. నాన్న ఇప్పుడు ఆయనకి చూపిస్తాడు, తర్వాత ప్యూనుకి చూపిస్తాడు అనుకుంటూ తలొంచుకుని ఎదురుచూసింది.

దేముడు ఎవర్నీ అడగలేదు. "సరే, ఇచ్చీ," అన్నాడు.

గుమాస్తా ఫారం అడుగున ఇంటూ గుర్తు పెట్టి, కిటికీలోంచి పెన్ను చాపాడు. "గార్డియన్ సంతకం, దాదా."

దేముడు పెన్ను అందుకోలేదు, ఎడమచేతి బొటనవేలు చొక్కాకి తుడుచుకుని, కూతురి వైపు చూడకుండా, "ఇంకు పేడ్ ఉందా దాదా?" అని అడిగాడు.