గుండెకు కట్టిన గుడ్డ

శైలజ మావగారు జగన్నాధంతో వచ్చిన చిక్కల్లా ఒక్కటే. లోకంలోని కష్టాలన్నింటికీ తన పాత చేనేత పంచె ఒక్కటే మందని ఆయన నమ్మకం. మజ్జిగ వడకట్టాలన్నా అదే, నడుం పట్టేసినా అదే. చివరికి నాలుగు నెలల మనవణ్ణి గుండెకు కట్టుకోవడానికీ, ఎండల్లో గాలాడుతుందంటూ అదే తెచ్చిచ్చాడు. శైలజ వీధంతా చెప్పి నవ్వింది. ఫోన్లో వీడియో చూసి, కొత్త సింథటిక్ చీర చింపి, దాంతో పిల్లాణ్ణి గుండెకు మూడు చుట్లు చుట్టుకుంది.

ఇప్పుడు, టీకా కోసం శ్రీకాకుళం పోతున్న ఆటోలో, మిట్టమధ్యాహ్నం, వాడి మెడ వాలిపోయింది.

"నానీ! ఒరే నానీ!"

చెంప తట్టినా కళ్లు తెరవలేదు. ఒళ్లు కాలిపోతోంది.

"ఆటో ఆపు బాబూ!" అని అరిచాడు జగన్నాధం.

శైలజ ఎంత లాగినా ముడి రాలేదు. ఆయన పళ్లతో పట్టి లాగేశాడు. పిల్లాణ్ణి చెట్టు నీడకు తెచ్చి, భుజం మీది తువ్వాలు తడిపి ఒళ్లంతా అద్దాడు.

"ఊపిరి ఆడతన్నాదా మావా?"

ఆయన వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు.

"సెప్పు మావా!"

అప్పుడు కెవ్వుమన్నాడు నాని. శైలజ వాణ్ణి లాక్కుని పాలకు పట్టింది. ఇక మావగారు ఎన్నన్నా పడాల్సిందే అనుకుంటూ తల వంచుకుంది.

జగన్నాధం నేల మీద చతికిలబడ్డాడు.

"తప్పు నాదేనమ్మా. ఆటో ఎక్కిన కాడ్నించి గుంటడి మొకం ఎర్రబడిపోతన్నాది, సూస్తనే ఉన్నాను. నువ్వు మళ్లీ నవ్వుతావని నోరిప్పనేదు."