అంటించిన మడత

"అచ్చునాటి మడతలు ఒక్కటీ కోయలేదుగా, సెల్విన్ గారూ? కోసుంటే నాకొద్దు," అన్నాడు ప్రిడ్‌మోర్. పాత యుద్ధ చరిత్రలు సేకరించే మనిషి. ఆ కాలపు పుస్తకాల్లో పేజీలు అంచుల దగ్గర మడతలుగా కలిసే వచ్చేవి; చదవాలంటే కత్తితో కోసుకోవాలి, కోయని ప్రతికే ధర ఎక్కువ.

"నలభై ఏళ్ళుగా కత్తి తగల్లేదండీ. ఇది మా నాన్న పటాలం చరిత్ర. నాన్న పేరు రెండువందల పద్నాలుగో పేజీలో ఉందని చివరి పట్టికలో వేశారు. ఆ పేజీ మడత లోపలుంది. కోస్తే విలువ పోతుందని నేనే చూడలేదు!"

టీ పోస్తున్న సెల్విన్ భార్య ఈనిడ్ చెయ్యి ఆగింది.

ప్రిడ్‌మోర్ భూతద్దం పెట్టి ఒక్కో మడతా తిప్పాడు. "కోశారే! కోసి, మళ్ళీ జిగురుతో అంటించారు. సరిగ్గా ఆ పేజీ దగ్గరే."

"అసాధ్యం! ఈ ఇంట్లో నేనూ, మా ఆవిడా తప్ప..." సెల్విన్ భార్య వైపు తిరిగాడు.

ఆమె తలెత్తలేదు. "పెళ్ళయిన కొత్తలో, నీ పుట్టినరోజుకి చదివి వినిపిద్దామని కోశాను. చదివాక అంటించేశాను."

"నాన్న గురించి ఏం రాశారు?"

"టీ చల్లారిపోతోంది, తాగు."

ప్రిడ్‌మోర్ టోపీ అందుకున్నాడు. "ఏమనుకోకండి. ఇది మీ దగ్గరే ఉండనివ్వండి."

తలుపు మూసుకుంది. బల్ల మీద పుస్తకం, దాని పక్కనే వెన్న రాసే కత్తి. ఇన్నేళ్ళూ కాపాడిన విలువ పోయింది. దాంతోపాటే, కోయకుండా ఉండడానికి సెల్విన్ చెప్పుకుంటూ వచ్చిన సాకూ పోయింది.