డోలీ పరిచర్య

"అంబులెన్సు పైకి రాదు సుక్రూ. గెడ్డ దగ్గర రోడ్డు తెగిపోయింది. కింద తారురోడ్డు మీద ఆగమన్నాను. డోలీ కట్టండి."

మలుపు దాకా వెళ్ళి చూసి వచ్చిన పాస్టరు సువార్తరావు తడిసిన గొడుగు ముడుస్తూ చెప్పాడు. ఫోన్ చేసిందీ ఆయనే, ఎదురెళ్ళిందీ ఆయనే. ఆ కొండ మీద సిగ్నల్ అందే ఫోన్ ఆయనదొక్కటే.

లోపల సుక్రు భార్య సౌందర్యకు తెల్లవారుజాము నుంచి నొప్పులు. తొలి కాన్పు. మంత్రసాని సోములమ్మ చేతులెత్తేసింది.

"ఎదురుకాళ్ళతో ఉందిరా బిడ్డ. నా వొల్ల కాదు. ఆస్పత్రికి బేగి మోసుకుపోండి."

సుక్రు చూరులోంచి వెదురుబొంగు లాగాడు. నాలుగేళ్ళుగా చర్చి తరఫున డోలీ మోస్తున్నాడు. సంత రోజున మిరియాల మూట ఇంట్లో పడేసి, ఎవరి మనిషినో మోశాడు. దేవుడిచ్చిన పూట పక్కవాడికే అని పాస్టరు చెప్పాడు, ఇతను నమ్మాడు. ఇవాళ సొంత పెళ్ళాం. వెదురుబొంగుకి దుప్పటి ముడేసి ఆమెను పడుకోబెట్టాడు. అతని జోడీ భీముడు వెనక కొస పట్టాడు. ఎత్తబోతుంటే పాస్టరు చెయ్యి అడ్డం పెట్టాడు.

"మీరు కాదు. వీళ్ళు మోస్తారు."

వీళ్ళంటే విశాఖ చర్చి సంఘం నుంచి వచ్చిన నలుగురు కుర్రాళ్ళు. ఒకే రంగు టీషర్టులు, కొత్త బూట్లు. అందరికంటే పొడుగువాడు కెవిన్.

"ఆళ్ళా! సదును నేల మీదే జారిపడతన్నారయ్యా. దిగుడులో ఏటి మోత్తారు?"

"సేవ చేద్దామని వచ్చారు. నీకు దొరికిన భాగ్యం ఇంకొకరికి ఒక్క పూట ఇవ్వలేవా? గర్వం కాదూ అది?"

"గర్వం ఏటి అయ్యగారూ, అది నా పెళ్ళాం!"

"అన్నా, చాలా జాగ్రత్తగా తీసుకెళ్తాం" అన్నాడు కెవిన్. పాపం, వాడు మనస్ఫూర్తిగానే అన్నాడు.

దుప్పట్లోంచి సౌందర్య మూలిగింది. "ఎవులో ఒకులు ఎత్తండి మావా... బేగి..."

సుక్రు బొంగు వదిలేశాడు.

కాఫీ తోటల మధ్య అడ్డదారిన దిగారు. డోలీ మోయడమంటే టీషర్టు తొడుక్కోవడం కాదు. దిగుడులో పొడుగువాడు ముందుండాలి. నడక ఆగకుండానే భుజం మారాలి. కెవిన్ వెనక నిలబడ్డాడు. అడుగడుక్కీ బొంగు ముందుకి వాలుతోంది, సౌందర్య జారిపోతోంది. భుజం మార్చుకోవాలంటే డోలీ దించుతున్నారు. దించిన ప్రతిచోటా పాస్టరు కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలెడుతున్నాడు.

"నడవండయ్యా! పార్థన ఆస్పత్రిలో సేద్దాం!"

"తొందరపడకు సుక్రూ. ప్రభువు సమయం వేరు."

"ఆయన సమయం ఎలాగున్నా, దీని సమయం అయిపోతంది!"

నాలుగోసారి దించినప్పుడు సుక్రు ఎవరి మాటా వినలేదు. కుర్రాళ్ళను నెట్టేసి బొంగు భుజానికెత్తాడు. భీముడు వెనక అందుకున్నాడు. ఇద్దరూ పరుగు. వాళ్ళ వెనక సోములమ్మ పరుగు.

గెడ్డ నీళ్ళు దాటుతుండగా సౌందర్య ఒక్క కేక పెట్టింది. ఒడ్డున డోలీ దించారు. సోములమ్మ దుప్పటి తప్పించేసరికి బిడ్డ బయటికొచ్చేసింది.

"ఆడగుంట" అంది. బిడ్డ వీపు తట్టింది. నోట్లోకి ఊదింది. తలకిందులుగా పట్టుకుని మళ్ళీ తట్టింది. ఏడుపు వినిపించలేదు.

తారురోడ్డు మీద అంబులెన్సు ఆగి ఉంది. నర్సు సౌందర్యను ఎక్కించుకుని సెలైను పెట్టింది. తల్లి బతుకుతుందని చెప్పింది. సుక్రు చేతుల్లో చీరముక్క చుట్టిన చిన్న మూట.

కుర్రాళ్ళు ఏడుస్తూ దిగొచ్చారు. సువార్తరావు సుక్రును గుండెకు హత్తుకున్నాడు.

"ఉన్న టైములో చెయ్యగలిగిందంతా చేశాం నాయనా. మనమేం లోటు చెయ్యలేదు."

సుక్రు ఆయన భుజం మీద తల ఆనించి ఏడ్చాడు. నలుగురిలో కుర్రాళ్ళను నెట్టేసినందుకు క్షమించమని ఆయన చేతులు కూడా పట్టుకున్నాడు. తర్వాత వచ్చి డ్రైవరు సురేంద్ర పక్కన కూచున్నాడు.

బండి కదిలింది. సుక్రు ఒళ్ళో మూట సర్దుకున్నాడు.

"పైన ఆ రోడ్డొకటి తెగకపోతే నా గుంట బతికేది బాబూ."

సురేంద్ర తల తిప్పి చూశాడు.

"రోడ్డెక్కడ తెగిందీ? పొద్దున్నే మీ ఊరి మలుపు కాడికి వచ్చేసినాను గదా! కేసు కంగారేటీ లేదు, ఇశాపట్నం కుర్రోళ్ళు సేవకని ఒక్క రోజు సెలవెట్టుకొని వచ్చినారు, ఆళ్ళ టైం వేస్టవకూడదు, మోసుకొత్తారు, నువ్వు కిందికెల్లి ఆగు అని మీ అయ్యగారే బండి తిప్పించేసినారు."