ఎంతకూ చేరని అంబులెన్స్

"మీరు మనుషులేనా? కడుపుతోని ఉన్న పిల్ల కొట్టుకలాడుతుంటె పెండ్లి ఊరేగింపు లెక్క వస్తరా? నా పెండ్లానికి ఏమన్న అయితె మీ నౌకర్లు పీకిస్త!"

అంబులెన్స్ ఇంకా సరిగా ఆగనేలేదు, జితేందర్ తలుపు మీద దబదబా చరుస్తూ అందుకున్నాడు. అమరచింత అవతల ఉన్న ఆ ఊళ్లో వాడంతా అతని వెనకే నిలబడింది. నిలబడదా మరి? ఇన్ని ఊళ్లకు ఒక్క బండి పడేసి, జెండాలూపి ఫోటోలు దిగే పెద్దమనుషులను నిలదీసే మొగోడు ఒక్కడన్నా ఉండాలి కదా!

డ్రైవర్ మునవ్వర్ చెమట తుడుచుకుంటూ దిగాడు.

"ఇంకో ఆమెను దవాఖానల దించి ఉరికొస్తున్నం అన్నా. తిట్టుర్రి, తిట్టుర్రి. బండ్లు ఇయ్యనోళ్లు మీకు దొరకరు, మేమైతె దొరుకుతం."

బండిలో వైద్యం చూసే సరిత అప్పటికే మంచం దగ్గరికి చేరింది. ఏడో నెల గర్భిణి సింధూజ రెండు చేతులతో పొట్ట పట్టుకుని గోడవైపు తిరిగి ముడుచుకుని ఉంది.

"ఏమైంది సెల్లె?"

"తానం జేస్తుంటె కాలు జారింది," అన్నాడు జితేందర్.

"ఆమెనడిగిన అన్నా. ఎప్పుడు పడ్డవమ్మా?"

"పొద్దుగాల." ఇదీ జితేందరే.

"పొద్దుగాల పడితె మిట్టమధ్యాహ్నం ఫోన్ జేస్తరా?"

"నొప్పులు తగ్గుతయేమో అని చూసినం. ఓహో, ఇప్పుడు ఆలస్యం మాదైందా? నీతులు తర్వాత జెప్పు, ముందు బండి కదిలించు!"

స్ట్రెచర్ ఎక్కించారు. వెనకే ఎక్కబోయిన జితేందర్‌కు సరిత చెయ్యి అడ్డం పెట్టింది.

"మొగోళ్లు ముందు కూసోవాలె. బట్టలు తీసి చూసేది ఉంటది."

"నేను లేకుంటె ఆమె భయపడ్తది."

"భయపడకుంట నేను చూసుకుంట."

'ఎంత పాణం సూడు పెండ్లాం మీద' అని వాడలో ఆడవాళ్లు గుసగుసలాడుకున్నారు. జితేందర్ గొణుక్కుంటూ డ్రైవర్ పక్కన కూర్చున్నాడు. కూర్చున్నాడే గానీ మెడ వెనక్కే తిరిగి ఉంది. మధ్యలో అద్దం, అద్దానికి అవతల తెర.

"ఏం మాట్లాడుతున్నరు లోపల?"

"ఆడోళ్ల ముచ్చట్లు. మనకేం తెలుస్తయన్నా?"

కొంత దూరం పోయాక మునవ్వర్ ఫోన్ మోగింది. "జీ మేడం... జీ... సమజైంది," అని పెట్టేశాడు. ఆత్మకూరులో జిరాక్స్ షాపు ముందు టక్కున బ్రేకు వేశాడు.

"ఆపినవేంది భాయ్?"

"ఆధార్ జిరాక్స్ కావాలె. ఆమెది, నీది. లేకుంటె దవాఖానల చేర్చుకోరు."

"పాణం పోతుంటె జిరాక్స్ ఏందయ్యా!"

"నేను పెట్టిన రూలా? జర జల్ది ఉరుకన్నా."

ఈ దేశంలో పుట్టాలన్నా చావాలన్నా జిరాక్సే. అందుకే జితేందర్ నమ్మాడు, ఉరికాడు. షాపులో మిషన్ వేడెక్కి మూలుగుతుండగానే బయట ఇంకో అంబులెన్స్ కూత పెట్టుకుంటూ దూసుకుపోయింది. అతను షాపాయన భుజం పట్టి కుదిపాడు.

"సూడు! బండంటె గట్ల పోవాలె. మాకు దొరికింది చూడు, ఎద్దులబండి!"

తిరిగి వచ్చేసరికి తెర వేసినట్టే ఉంది.

"ఎట్లుంది?"

"గప్‌చుప్‌గ ఉంది అన్నా, కదిలియ్యకు," అన్నాడు మునవ్వర్.

అక్కడి నుంచి మొదలైంది అసలు నరకం. బంకులో ఆగి డీజిల్ కొట్టించాడు. అంతటితో పోనిచ్చాడా? నాలుగు టైర్లకూ గాలి చూయించాడు, తీరిగ్గా అద్దం తుడిచాడు. ఇంకొంచెం ముందుకు పోతే గొర్రెల మంద అడ్డం వచ్చింది. హారన్ కొట్టాల్సినవాడు కిటికీలోంచి తల బయట పెట్టాడు.

"బుచ్చన్న మామా! ఈసారి గొర్ల ఈతలు మంచిగున్నయా?"

"యాడ మంచిగ బిడ్డా, వానల్లేకపాయె," అంటూ గొర్రెలాయన నిలబడి కష్టాలన్నీ ఏకరువు పెట్టసాగాడు.

జితేందర్‌కు ఒళ్లు మండిపోయింది. ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టాడు. "చూడుర్రి అందరు! వెనక నా పెండ్లాం సస్తుంది, ముందర ఈయన గొర్ల యోగక్షేమాలు అడుగుతుండు! కలెక్టర్‌కు పెడ్త దీన్ని!"

"పెట్టన్నా. జర నా మొకం మంచిగ పడేటట్టు తియ్యి," అన్నాడు మునవ్వర్, జుట్టు సరిచేసుకుంటూ.

జితేందర్ ఫోన్ జేబులో పెట్టి మళ్లీ వెనక తెరకేసి చూశాడు. పొద్దున్నుంచి అతను ఆ మంచం పక్కనుంచి కదలలేదు. ఎవరు పలకరించినా ఆమె బదులు తనే జవాబు చెప్పాడు. ఇప్పుడు తను పక్కన లేకుండా డాక్టరమ్మ అడిగితే? ఆ పిచ్చిది ఏం చెప్తుందో ఏమో!

"దండం పెడ్త భాయ్, తొందరగ పోనియ్యి. దవాఖానల ఆమె పక్కన నేను ఉండాలె."

"అయిపోయిందన్నా, వచ్చేసినం."

వనపర్తిలో ఏవో సందులు తిరిగి, బండి ఒక గేటు లోపల వేపచెట్టు కింద ఆగింది. జితేందర్ దూకి పరుగున పోయి వెనక తలుపు లాగాడు. స్ట్రెచర్ ఖాళీ. సరిత లేదు, సింధూజ లేదు.

"నా పెండ్లాం ఏది?" అని అరిచాడు.

"సరిత మేడం వెనకనుంచి ఫోన్ల చెప్పినట్టే, నువ్వు జిరాక్స్‌కు పోయినప్పుడు వనపర్తి నుంచి ఎదురొచ్చిన ఇంకో బండెక్కి పోయింది. నీ ముందునుంచే పోయింది గదా, మెచ్చుకుంటివి గూడ. దవాఖానల చేరి చానసేపైంది. కడుపుల బిడ్డ బాగనే ఉందంట."

"అయితె నన్నెందుకు గిట్ల తిప్పినవ్? నేను పోవాలె, ఆమె కాడికి పోవాలె నేను!"

మునవ్వర్ వెనక తలుపు మూశాడు.

"ఇది ఠాణా, లోపలికి పోయి ఆమె కడుపుల ఎందుకు తన్నినవో చెప్పు."