అర్జీ రాసిపెట్టిన ఆవిడ

బుడ్డోడు మళ్ళీ కుట్టుమిషను కాలికి తల కొట్టుకున్నాడు.

బుడ్డోడంటే కుక్కపిల్ల. పదకొండు నెలలవాడు. టైలరమ్మకు తమ్ముడు ఎక్కడో దుకాణంలో కొని తెచ్చిచ్చాడు.

పశువుల డాక్టరు టార్చి వేసి చూసి పెదవి విరిచాడు. "వంశంలోనే ఉందమ్మా ఈ కళ్ళ జబ్బు. మసక వెలుతురులో ఇప్పటికే కనబడదు. రెండేళ్ళు నిండేలోగా పట్టపగలూ అంతే. మందు లేదు."

నిన్న కొలతలివ్వడానికి వచ్చినావిడ వెనకనుంచి వీపు నిమిరింది. వీడు గిరుక్కున తిరిగి చెయ్యి కరిచి పట్టాడు. రక్తం రాలేదు గానీ నోళ్ళు లేచాయి.

అత్తగారు తేల్చేసింది. "గిరాకీ మీదే పడ్డాక ఇంకేం పెంపకం? నెలాఖరుదాకా చూస్తా. ఆ తర్వాత ప్రాణం తీసే సూదిమందే."

"నోరులేని జీవం అత్తయ్యా!"

"నోరుంది కాబట్టేగా కరిచింది!"

ఆ మాటలమధ్యే గుమ్మంలో ఒకావిడ నిలబడింది. యాభై దాటి ఉంటాయి. ప్లాస్టిక్ చెప్పులు, చంకలో నోటుబుక్కు.

"చూపు తగ్గిన కుక్కపిల్ల ఉందని డాక్టరుగారు చెప్పారు. వివరాలు రాసుకోవాలి."

మునిసిపాలిటీ మనిషి అనుకుంది టైలరమ్మ. నోటుబుక్కు కనబడితే చాలు మనకు, నువ్వెవరని అడగం, కుర్చీ వేస్తాం.

ఆవిడ కుర్చీలో కూర్చోలేదు. నేలమీద చతికిలబడి, పేరడిగి, ముందు బుడ్డోణ్ణి పేరుపెట్టి పిలిచింది. చెయ్యి చాపి వాసన చూడనిచ్చింది. ఆ తర్వాతే తల నిమిరింది.

"వీడు కోపంతో కరవలేదమ్మా, ఉలిక్కిపడ్డాడు. పిలవకుండా ఎవరూ ముట్టుకోవద్దు. సామాను అంగుళం కూడా జరపొద్దు."

అప్పటినుంచి ప్రతి సోమవారం వచ్చేది. వంటగది గుమ్మంలో గోనెపట్టా పరిపించింది. మెట్ల దగ్గర మందపాటి జీన్స్ గుడ్డ. మిషను చుట్టూ మెత్తటి గుడ్డముక్కలు.

"కాలికి తగిలేదాన్నిబట్టి ఎక్కడున్నాడో వాడే తెలుసుకుంటాడు."

అత్తగారిది పిల్లి నడక. బుడ్డోడు అదిరిపడేది ఆవిడకే. చెప్పుకు ఒక మువ్వ కట్టుకోమంది నోటుబుక్కు ఆవిడ.

"నాకు గంట కడతావా? నేనేమన్నా ఆవునా?"

"ఆవయితే ఇన్ని మాటలనదండీ."

అత్తగారు తిట్టుకుంటూనే చెప్పు చాపింది.

రెండో సోమవారం టైలరమ్మకు కడుపు మండింది. "ఆ అమ్మినవాళ్ళు దొరకాలి, నా కత్తెరకు పని చెబుతా! మీకు రాత బాగా వచ్చుగా, ఒక అర్జీ రాసిపెట్టండి. దుకాణం పేరు నా దగ్గరుంది. తెలిసే అంటగట్టారని రాయండి."

ఆవిడ కలం ఆగింది.

"తెలిసి కాదేమో. తెలుసుకోకుండా అమ్మారని రాస్తాను. అది ఇంకా పెద్ద తప్పు."

"ఏదో ఒకటి. మీ ఆఫీసుకేగా, నీళ్ళు కలపకండి."

"కలపను."

నిజంగానే కలపలేదు. తల్లికుక్కకు గానీ తండ్రికి గానీ కళ్ళ పరీక్ష చేయించకుండా ఆరు పిల్లల్ని అమ్మారని రాసింది. ఇలాంటివాళ్ళకు లైసెన్సు ఉండకూడదని రాసింది.

"ఆరని మీకెలా తెలుసు?"

"ఇంటింటికీ తిరుగుతున్నానుగా. మీది ఆరో ఇల్లు."

టైలరమ్మ సంతకం పెట్టింది. "మీ ఆఫీసులో అందరూ మీలా ఉంటేనా!"

ఆవిడ కాగితం మడిచి నోటుబుక్కులో పెట్టుకుంది. "అటే పోతున్నా, నేనే ఇచ్చేస్తాను."

నెలాఖరు వచ్చింది, పోయింది. సూదిమందు మాట అత్తగారి నోట రాలేదు. పైగా కొలతలకొచ్చిన వాళ్ళమీద గుమ్మంలోనే అరుస్తోంది: "ముందు వాణ్ణి పిలవండి! ఇంట్లో పెద్దమనిషి ఉన్నాడని తెలీదా?"

బుడ్డోడు మిషను దగ్గర్నుంచి మెట్లదాకా ఒక్క దెబ్బ తగలకుండా నడుస్తున్నాడు.

నోటుబుక్కు ఆవిడ మాత్రం రావడం మానేసింది.

నాలుగు సోమవారాలు చూసి టైలరమ్మ మునిసిపల్ ఆఫీసుకు వెళ్ళింది. ఆవిడ గురించి పైవాళ్ళకు నాలుగు మంచిమాటలు చెప్పి, వీలైతే ఒకసారి ఇంటికి పిలవాలని.

గుమాస్తా పకపకా నవ్వాడు. "మా ఆఫీసు మనిషి ఇంటికొచ్చి కుక్కకు నడక నేర్పిందా? ఏమ్మా, ఇక్కడ మనుషుల మొహం చూసే దిక్కే లేదు!"

"ప్లాస్టిక్ చెప్పులండీ. యాభై దాటి ఉంటాయి. నా అర్జీ కూడా ఆవిడే తెచ్చిచ్చింది."

"అర్జీ అయితే అందింది. లైసెన్సు పోయింది. ఆ అమ్మినామె దుకాణం మూసేసి ఊరే వదిలిపోయింది. ఎక్కడికో ఎవరికీ తెలీదు."

"పీడ విరగడైంది!" అంది టైలరమ్మ.

"ఎదురు తిరిగితే ఏళ్ళు పట్టేది. ఆమె తప్పు ఒప్పుకుంటూ రాసిచ్చింది. కావాలంటే చూసుకో."

గుమాస్తా ఫైలు ఇటు తిప్పాడు. టైలరమ్మ అర్జీయే అది.

తన సంతకం కింద, పైనున్న అదే చేతిరాతలో, ఇంకొక్క వాక్యం ఉంది: "ఇందులో ప్రతి మాటా నిజం, ఈ పిల్లను అమ్మినదాన్ని నేనే."