ఒళ్ళు మంట

అక్కా, నా రాత కోడి కెలికినట్టుంటుంది, తప్పులూ ఉంటాయి. నవ్వకు.

ఊళ్ళో కొత్త జ్వరం వచ్చింది కదా, ఆసుపత్రి వాళ్ళ ఇళ్ళల్లో కూడా అందరికీ రక్తం పరీక్షిస్తున్నారు. భయపడే జనంతో ఎలా మాట్లాడాలో ఆసుపత్రిలో డాక్టర్లకూ నర్సులకూ నేర్పుతున్నారు. నీ డాక్టరు మరిది రోజూ ఇంటికొచ్చి, ఫోన్లో ఒక నర్సమ్మతో సాధన చేస్తారు. ఆవిడ రోగిలా ఏడవాలి, ఈయన ధైర్యం చెప్పాలి.

"మీ భయం నాకు అర్థమైందండీ. తెలిసింది చెబుతాను, తెలియనిది తెలియదనే చెబుతాను."

ఆ గొంతు వెన్నలా ఉంటుంది. నాతోనేమో, "ఏమే, చెవుడా? తువ్వాలు ఎక్కడ పెట్టావ్?"

ఆవిడ మీద కుళ్ళుతో ఒళ్ళు మండిపోయేది. ఒక్కసారైనా నాతో అలా మాట్లాడకూడదా అనుకునేదాన్ని.

నిన్న మాట్లాడారు. మూతికి మాస్కు పెట్టుకుని, గది గుమ్మంలోనే నిలబడి, "భయపడకండి. మీ రక్తం రిపోర్టు వచ్చింది," అన్నారు.

"నన్ను 'ఏమే' అనే పిలవండి," అన్నాను.

ఆయన నేర్చుకున్నదంతా మర్చిపోయి గుమ్మంలోనే కూలబడి ఏడ్చారు.

ఇన్నాళ్ళూ ఆ మంట కుళ్ళే అనుకున్నానక్కా.

ఈ జ్వరం కాగితానికి అంటదట. అయినా చదివి కాల్చెయ్. రేపటి నుంచి నన్ను చూసుకునేది ఆ నర్సమ్మే.