తీతువు కొలువు

రేగుతోట యజమాని ఎలుగుబంటికి కోపం నషాళానికి అంటింది. కాపలా కాసే తీతువు మూడు రోజులుగా పనికి రాలేదు.

"ఇప్పుడే వెళ్లి దాన్ని పనిలోంచి తీసేసి వస్తా" అంటూ లేచింది.

తోటలో పెద్దదిక్కైన తాబేలు అడ్డొచ్చింది. "సంజాయిషీ అడక్కుండా ఎవర్నీ తీసేయనని, పనిలో పెట్టుకున్న రోజే మాటిచ్చావు బాబూ. ముందు అడుగు."

ఎలుగుబంటి గొణుక్కుంటూ చెరువు ఒడ్డుకు వెళ్లింది. అక్కడ గులకరాళ్ల మధ్య తీతువు నాలుగు గుడ్లు పొదుగుతూ కనిపించింది.

"కాకితో కబురు పంపాను కదయ్యా, అందలేదా? నా కొలువు పోయినట్టేనా?" అంది భయంగా.

పక్క కొమ్మ మీది కాకి నాలుక కరుచుకుంది. "అయ్యో, చెప్పడం మరిచిపోయాను!"

నోటిదాకా వచ్చిన మాట బయటపడనందుకు ఎలుగుబంటి గుండె తేలికపడింది.

"పిల్లలకు రెక్కలొచ్చేదాకా ఇక్కడే ఉండు తల్లీ. నీ కొలువు ఎక్కడికీ పోదు."

ఆ పూట తోటకు తనే కాపలా కూర్చుంది. చిలకలు వాలినప్పుడల్లా తీతువులా అరవబోయి, తోటంతటినీ నవ్వించింది.